పైత్యరస దౌత్యము



కైకలూరు, ముదినేపల్లి ప్రాంతపు చెరువులనుండి తెల్లవారకమునుపే బెజవాడ అంగళ్లకు వచ్చిపడు శీలావతినో బొచ్చెనో కొని, దానిని కోయించుకొనుటకై నిలబడిన గృహస్థు ఎవ్వడైనను ఒక్క సంగతిని గమనించియే యుండును. పొలుసు గీకి, మొప్పలు పెరికి, పొట్ట చీల్చిన పిమ్మట, అంతవరకు చకచక సాగుచుండిన ఆ కోయు మనిషి చేయి ఒక్కసారిగా నెమ్మదించి, పేగుల నడుమ నక్కియున్న చిన్న ఆకుపచ్చని తిత్తిని రెండు వ్రేళ్లతో పట్టి, చితికిపోకుండ ఊడదీసి అవతల పారవేయును. అది పగిలెనా, ఆ చేదు ముక్కలకు పట్టి, ఎన్ని నీళ్లతో కడిగినను, ఎంత చింతపండు పులుసు పోసినను వదలదు. ఆ తిత్తి పిత్తాశయము. అందలి పసరు పైత్యరసము.

చేదుగా నున్నదెల్ల మందేయనెడి నమ్మకము మనలో బలముగా పాతుకొని యున్నది గనుక, ఆ పచ్చి చేదును మధుమేహమునకనియు, కీళ్ల నొప్పులకనియు మ్రింగువారును లేకపోలేదు. అట్లు మ్రింగిన కొలదిదినములలోనే మూత్రపిండములు పనిచేయుట మాని ఆసుపత్రి పాలైనవారి వృత్తాంతములు మన దేశపు వైద్యపత్రికలలో పలుమారులు వెలువడినవి. శీలావతి, బొచ్చె మొదలగు చేపల పైత్యరసములో సిప్రినాలు సల్ఫేటు అను పదార్థమొకటి కలదు. మనుష్యుని కాలేయము తయారుచేయు పైత్యామ్లములకు అది దాయాది వంటిదే గాని, మన మూత్రపిండములకు మాత్రము విషము. ఈ మాటను ముందుగా చెప్పి పెట్టుట మంచిదని తోచినది. ఏలయన నేటి ప్రసంగములో పైత్యరసపు ఘనతను కొంత చెప్పవలసి యున్నది, ఆ ఘనతను విని ఎవరును చేప తిత్తికై చేయి చాపరాదు.

మన పూర్వులు పిత్తమును త్రిదోషములలో నొకటిగా నెంచిరి. గ్రీకు వైద్యులును దానిని దేహధాతువులలో చేర్చుకొనిరి. ఆ పోలికను పట్టుకొని, నేటి శాస్త్రము కనుగొన్నదంతయు మనవారికి ముందే తెలియునని చంకలు గ్రుద్దుకొనుట నాకు సమ్మతము కాదు. వారు చూచినది వారు చూచిరి. నేను చెప్పబోవునది గడచిన ముప్పది సంవత్సరములలో బయటపడిన సంగతి.

అంతకు పూర్వము పైత్యామ్లములను గూర్చి తెలిసినది తక్కువయేమియు కాదు. జర్మనీ దేశీయుడైన హైన్రిఖ్ వీలాండ్ వాని నిర్మాణమును శోధించినందులకు 1927వ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెలు బహుమానమును పొందెను. ఆ బహుమానమును తెచ్చిపెట్టిన నిర్మాణచిత్రమే తప్పని 1932లో తేలగా, దానిని సరిదిద్దినవారిలో ఆయనయు నుండెను. కాలేయము తనయందలి కొలెస్టరాలును మార్చి కోలికామ్లము, కీనోడీయాక్సీకోలికామ్లము అను రెండు ముఖ్యమైన ఆమ్లములను చేయుననియు, వానికి గ్లైసీను గాని టారీను గాని జతపరచి పైత్యరసములోనికి విడుచుననియు, పెద్దపేగులోని సూక్ష్మజీవులు వానినే మరల మార్చి డీయాక్సీకోలికము, లిథోకోలికము అనువానిని పుట్టించుననియు పాఠ్యగ్రంథములలో వ్రాయబడినది. కాని వాని ప్రయోజనమేమని అడిగినచో, నూనెను నీటిలో కలుపుట అను నొక్క సమాధానమే వచ్చుచుండెడిది.

ఆ సమాధానము సత్యమే. వేడియన్నములో ముద్దపప్పును ఆవకాయను కలుపుకొని, పైన నేయి వేసికొని తిన్నవాని కడుపులోనుండి ఆ కొవ్వు ఆంత్రమూలమునకు చేరగానే, అచ్చటి గోడనుండి వెలువడిన యొక హార్మోను నెత్తుటిలో కలిసి పోయి పిత్తాశయమును ముడుచుకొనజేయును. నిలువయున్న పైత్యరసము పేగులోనికి జాలువారును. ఒక ప్రక్కన నీటితోను మరియొక ప్రక్కన కొవ్వుతోను చెలిమిచేయు ఆ అణువులు నేతిబొట్టును నుగ్గునుగ్గు చేసి జీర్ణరసముల కందించును. కొవ్వులో కరగు ఏ, డీ విటమినులు సైతము ఆ సాయము వలననే ఒంటబట్టును. పని ముగిసిన పైత్యామ్లములు మలముతో పోవక, నూటికి తొంబదియైదు పాళ్లు చిన్నపేగు చిట్టచివరి భాగమున మరల పీల్చుకొనబడి, నెత్తుటి ద్వారమున కాలేయమునకు తిరిగి వచ్చును. ఒక మనిషి దేహములో మొత్తముగా నుండునది సుమారు 3 గ్రాములు మాత్రమే. ఆ 3 గ్రాములే దినమునకు ఆరు మొదలు పది పర్యాయములు కాలేయమునుండి పేగునకు, పేగునుండి కాలేయమునకు ప్రదక్షిణము చేయుచుండును. దినమున కరగ్రాము మాత్రము నష్టమగును; ఆ లోటును కాలేయము కొలెస్టరాలునుండి క్రొత్తగా పూడ్చును.

ఇచ్చట బుద్ధిమంతుడైనవాని కొక సందేహము కలుగవలెను. ఎంత నష్టమైనదో అంతయే క్రొత్తగా చేయవలెనని కాలేయమునకు తెలియుటెట్లు?

కృష్ణా డెల్టా కాలువల క్రింద సేద్యము చేయువారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ప్రకాశం బారేజి వద్ద షట్టరు ఎత్తిన నీరు కాలువల వెంబడి దిగి, లాకులు దాటి, పిల్లకాలువలలో చీలి, నాగాయలంక వంటి శివారు భూములకు చేరునో చేరదో, చేరినచో ఎంత చేరినదో, ఆ సంగతి మరల పైకి పోవలెను. పోనిచో ఎగువన ముంపు, దిగువన ఎండు. లస్కర్లును, నీటి సంఘములును, ఇంజనీర్లును ఉన్నది అందులకే. అయితే మన శివారు రైతు, “నీరు చాలినది, షట్టరు దింపుడు” అని కబురంపిన దాఖలా నా యెరుకలో లేదు. పేగు శివారు మాత్రము సరిగా ఆ కబురునే పంపును. పైత్యామ్లములు చిన్నపేగు చివరను చేరి అచ్చటి కణములలో ప్రవేశింపగానే, ఆ కణములు ఎఫ్.జి.ఎఫ్. 19 అను నొక ప్రోటీనును పుట్టించి నెత్తుటిలో విడుచును. అది కాలేయమునకు చేరి, క్రొత్త పైత్యామ్లముల తయారీలో మొదటి మెట్టును నడుపు ఎంజైమును తగ్గించివేయును.

ఆ కణములకు పైత్యామ్లములు వచ్చినవని తెలుపునది వాని కేంద్రములో నుండు ఒక గ్రాహకము. 1995లో కాలిఫోర్నియాలోని సాక్ సంస్థలో రోనాల్డ్ ఇవాన్స్ పరిశోధనశాలవారు దీనిని గుర్తించిరి. ఫార్నెసాలు అను పదార్థమునకు అది కొంత స్పందించెను గనుక ఆ పేరుమీదుగానే ఎఫ్.ఎక్స్.ఆర్. అని వ్యవహరించిరి. 1999లో మూడు వేర్వేరు బృందములు ఇంచుమించు ఏకకాలమున కనుగొన్న దేమనగా, ఆ గ్రాహకమునకు నిజమైన యజమానులు పైత్యామ్లములనియు, వానిలో కీనోడీయాక్సీకోలికామ్లము దానిని అన్నింటికంటె గట్టిగా మేలుకొలుపుననియు. పేరు మాత్రము పాతదే నిలిచిపోయినది. ఆ దినమునుండి పైత్యామ్లము జీర్ణద్రవ్యముగా మాత్రమే కాక, హార్మోనుల సరసన కూర్చుండదగిన వార్తాహరముగా లెక్కకు వచ్చినది.

ఈ వార్త కొవ్వునకు సంబంధించినదన్న సూచన నిజమునకు అంతకు ఇరువది యేండ్లకు పూర్వమే వైద్యుల కన్నుల యెదుట నుండెను. 1970 ప్రాంతములలో పిత్తాశయమందలి రాళ్లను కరగించుటకై రోగులకు కీనోడీయాక్సీకోలికామ్లమునే మాత్రలుగా ఇచ్చుచుండగా, వారి నెత్తుటిలో ట్రైగ్లిజరైడులు తగ్గుచుండెను; కొలెస్టరాలును తగ్గించుటకై పైత్యామ్లములను పేగులోనే బంధించివేయు మందుల నిచ్చినప్పుడు అవే ట్రైగ్లిజరైడులు పెరుగుచుండెను. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో, పైత్యామ్లము తిరిగి వచ్చినప్పుడు కాలేయము కొవ్వు తయారీని తగ్గించుకొనుచున్నదని స్పష్టమగును. కారణము మాత్రము ఎఫ్.ఎక్స్.ఆర్. తెలిసిన పిమ్మటగాని తెలియలేదు. ఆ గ్రాహకము మేలుకొన్నప్పుడు, పిండిపదార్థములనుండి కొవ్వును చేయు జన్యువులు అణగును. కొవ్వును దహించు జన్యువులు లేచును. 2000లో ఎలుకలలో ఈ గ్రాహకమును పుట్టుకతోనే లేకుండ చేసి చూడగా, వాని నెత్తుటిలోను కాలేయములోను కొవ్వు పేరుకొనెను.

ఇప్పుడు మన ఊళ్ల సంగతికి వత్తము. బెజవాడ సూర్యారావుపేటలోని ఏ స్కాను గదినుండి వచ్చు కాగితము నైనను చూడుడు. కడుపు నొప్పికనియో, కంపెనీ పరీక్షలకనియో పోయినవాని చేతిలోని ఆ కాగితమున, “ఫ్యాటీ లివర్, గ్రేడ్ వన్” అన్న మాట ఎంత తరచుగా కనబడుచున్నదో మీరే యెరుగుదురు. స్కాను చేయు డాక్టరు కాలేయమును దాని ప్రక్కనే యుండు కుడి మూత్రపిండముతో సరిపోల్చి చూచును. ఆరోగ్యవంతునిలో ఆ రెండును తెరమీద ఇంచుమించు ఒకే బూడిదరంగున నుండును, కొవ్వు పట్టినచో కాలేయము తెల్లగా వెలుగును. అయితే కాలేయకణములలో నూటికి ఐదింటికి మించి కొవ్వు చేరుటయే రోగలక్షణము కాగా, మామూలు స్కానునకు అది చక్కగా కనబడుట ఇరువది ముప్పది పాళ్లు నిండిన తరువాతనే. కాబట్టి గ్రేడ్ వన్ అనునది ఆరంభమని తేలికగా త్రోసివేయుట పొరపాటు. అట్లని రాత్రికి రాత్రి భయపడవలసినదియు లేదు: కొవ్వు పట్టిన కాలేయములలో కొన్నియే వాచును, వాచినవానిలో కొన్నియే మచ్చకట్టి గట్టిపడును. ఏవి గట్టిపడునో ముందుగా చెప్పుటయే కష్టము.

సారా ముట్టనివారి కాలేయము త్రాగుబోతు కాలేయమువలె నుండుటను గూర్చి అమెరికాలోని మేయో క్లినిక్కునందు యూర్గెన్ లుడ్విగ్ అను శరీరరోగ శాస్త్రజ్ఞుడు 1980లో వ్రాసి, ఆ రోగమునకు పేరు పెట్టెను. ఆయన చూచిన రోగులు ఇరువది మంది. నేడు హైదరాబాదులో 345 మంది సాఫ్ట్‌వేరు ఉద్యోగులను హైదరాబాదు విశ్వవిద్యాలయమువారును, ఎ.ఐ.జి. ఆసుపత్రివారును కలిసి పరీక్షింపగా, వారిలో నూటికి 84 మందికి కాలేయమున కొవ్వు హెచ్చుగా నున్నట్లు 2025లో ప్రకటించిరి. ఆ కొలువులకు మన గుడివాడ, ఉయ్యూరు, తెనాలి పిల్లలు ఏటేట పోవుచునే యున్నారు. ఇది కుర్చీలో కూర్చుండువారికే వచ్చునని రైతులు నిశ్చింతగా నుండుటకును వీలులేదు. పశ్చిమ వంగదేశమున బీర్భూము జిల్లా పల్లెలలో జరిపిన పరీక్షల ఫలితములు 2010లో వెలువడగా, కాలేయమున కొవ్వున్న ఆ బీద గ్రామీణులలో అధిక సంఖ్యాకులు లావుగా లేనివారే యని తేలినది. బక్కపలుచని మనిషికి పొట్ట మాత్రము ముందుకు వచ్చియుండుట మన అరుగుల మీద అరుదైన దృశ్యమా?

నేతిని నిందించి అన్నమును విడిచిపెట్టువారు ఈ సంఖ్యలను వినవలెను. కొవ్వు పట్టిన కాలేయములోని కొవ్వు ఎచ్చటనుండి వచ్చినదో అమెరికాలో గురుతులు గల పోషకములనిచ్చి 2005లో లెక్క తీయగా, నూటికి 59 పాళ్లు దేహమందలి కొవ్వు నిలువలనుండియు, 26 పాళ్లు కాలేయము స్వయముగా పిండిపదార్థములనుండి చేసికొన్నదియు, 15 పాళ్లు మాత్రమే తిన్న కొవ్వునుండియు వచ్చినట్లు తేలెను. ఆరోగ్యవంతుని కాలేయము స్వయముగా చేసికొను కొవ్వు ఇంతకంటె బహు స్వల్పము. ఇక మన భోజనమా, 1986లో బాపట్ల పరిశోధన కేంద్రమునుండి విడుదలయైన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, తెల్లగా మల్లెమొగ్గవలె మరపట్టించి, పగలు రెండు మారులు, రాత్రి తొమ్మిది దాటిన తరువాత మరియొక మారు. ఆ వంగడమును నేను దూషించుట లేదు. అన్నము రుచి తెలిసినవాడెవ్వడును దూషింపజాలడు. దంపుడు బియ్యము తిని నాగలి పట్టిన తాత తిన్నంత అన్నమును, మరబియ్యముతో, మోటారు సైకిలెక్కి తిరుగు మనుమడు తినుటలో నున్నది చిక్కు.

కాలేయము కొవ్వుతో నిండినప్పుడు పైత్యామ్లముల కబురు ఏమగును? ఇది నేటికిని తెగని విచారణ. 2018లో ప్రకటింపబడిన యొక పరిశీలనములో, అట్టి రోగుల నెత్తుటిలో పైత్యామ్లములు తగ్గకపోగా పెరిగియే యుండెను. కాని వాని కూర్పు మారినది. గ్రాహకమును మేలుకొలుపు కీనోడీయాక్సీకోలికపు పాలు తగ్గి, సూక్ష్మజీవులు చేయు డీయాక్సీకోలికపు పాలు పెరిగినది. తత్ఫలితముగా సరుకు ఎక్కువైనను సంకేతము సన్నగిల్లెను. అందుచేత కాలేయము, చాలునన్న మాట వినబడక, పైత్యామ్లములను ఇంకను చేయుచు, కొవ్వును ఇంకను పోగుచేయుచు నుండును. రోగమునకు ఇది కారణమా, ఫలితమా యని అడిగినచో, రెండును కావచ్చునని నా తాత్పర్యము. ఒక్క హేతువుతో ముడిపడిన వ్యాధి కాదిది.

కొవ్వు దహనపు వైపునుండి ఈ వ్యాధిని చూచినవారిలో ఒక తెలుగువాని పేరు చెప్పక తప్పదు. చికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమున శరీరరోగ శాస్త్రాచార్యుడైన జనార్దన్ కె. రెడ్డి, కణములలోని పెరాక్సిసోములు అను సూక్ష్మాంగములను జీవితమంతయు శోధించెను. నెత్తుటి కొవ్వును తగ్గించు కొన్ని మందులు ఎలుకల కాలేయములో పెరాక్సిసోములను విపరీతముగా పెంచుననియు, అట్టివి కాలక్రమమున కాలేయపు క్యాన్సరునకు దారితీయుననియు ఆయన 1980లో ‘నేచర్’ పత్రికయందు ప్రకటించెను. 1996లో, పెరాక్సిసోములలో కొవ్వును దహించు మొదటి ఎంజైము లేని ఎలుకలను పరీక్షింపగా, వాని కాలేయము కొవ్వు పట్టి వాచెను. ఇందులో చిత్రమేమనగా, కొలెస్టరాలునుండి పైత్యామ్లమును తయారుచేయు పనిలో చివరి కత్తిరింపు జరుగునదియు ఆ పెరాక్సిసోములలోనే. కొవ్వును కాల్చు తావును, దానిని గూర్చి కబురు మోయు అణువు రూపుదిద్దుకొను తావును ఒక్కటియే యైనది.

సంకేతము సన్నగిల్లినదని తెలిసినప్పుడు దానిని బిగ్గరగా వినిపింపవలెనని ఎవరికైనను తోచును. ఇటలీలో పెరూజియా విశ్వవిద్యాలయపు రసాయనజ్ఞుడు రొబెర్తో పెల్లిచారి, కీనోడీయాక్సీకోలికామ్లమునకు చిన్న కొమ్మ నొకదానిని తగిలించి, ఎఫ్.ఎక్స్.ఆర్.ను అనేక రెట్లు హెచ్చుగా మేలుకొలుపు ఒబెటికోలికామ్లమును 2002లో తయారుచేసెను. ఆశలు బలముగా రేగినవి. 2019లో వెలువడిన పెద్ద పరీక్షలో, పదునెనిమిది నెలలు ఆ మందును పెద్ద మోతాదున వాడినవారిలో నూటికి 23 మందికి కాలేయపు మచ్చ తగ్గగా, ఉత్తుత్తి మాత్ర మ్రింగినవారిలో 12 మందికి తగ్గినది. మేలున్నమాట నిజము. కాని మందు వాడినవారిలో సగము మందికి ఒడలంతయు దురద; పైగా చెడు కొలెస్టరాలు పెరిగినది. కొలెస్టరాలును పైత్యామ్లముగా మార్చు ద్వారమును మూసివేసినచో అది నెత్తుటిలో పెరుగుట వింతకాదు. షుగరుతోను గుండెజబ్బు భయముతోను నుండు రోగికి అది కోరదగినదియు కాదు. అమెరికా ఔషధాధికారులు 2020లో ఒకసారి, 2023లో మరియొకసారి కొవ్వు కాలేయమునకై దాని నంగీకరింపలేదు.

మన మందుల దుకాణములలో ఫ్యాటీ లివర్ పేరుతో ఎక్కువగా చెల్లునది వేరొక పైత్యామ్లము, ఉర్సోడీయాక్సీకోలికము. ఎలుగుబంటి పైత్యరసములో విస్తారముగా నుండును గనుక దాని కాపేరు. పిత్తనాళముల వ్యాధులు కొన్నింటిలో అది నిజముగా ప్రాణదాత. అట్టివారు దానిని మానరాదు. కొవ్వు కాలేయము విషయమున మాత్రము 166 మంది రోగులకు రెండేండ్లపాటు ఇచ్చి 2004లో ఫలితము చూడగా, ఉత్తుత్తి మాత్రకంటె అది మేలు చేయలేదు. ఎఫ్.ఎక్స్.ఆర్.ను అది మేలుకొలుపజాలదన్న సంగతి ఎరిగినవారికి ఇందులో ఆశ్చర్యము లేదు. అయినను చీటీ మీద దాని పేరు వ్రాయు అలవాటు చాలచోట్ల పోలేదు. కాగితము మీద రోగము పేరు పడిన పిమ్మట ఏదో యొక మాత్ర చేతిలో పడనిదే మనవారి మనస్సు కుదుటపడదు గదా. మాత్ర ఖరీదు లేనిదియు, మచ్చను సైతము తగ్గింపగలిగినదియు ఒకటి కలదు: బరువులో నూటికి ఏడు మొదలు పది పాళ్లు తగ్గుట. దాని నెవ్వరును చీటీ మీద వ్రాయించుకొనరు.

పైత్యామ్లముల కబురు ఒక్క ఎఫ్.ఎక్స్.ఆర్. ద్వారముననే పోదు. కణముల పైపొరమీద టి.జి.ఆర్. 5 అను మరియొక గ్రాహకము కలదని 2002 ప్రాంతమున జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పేగు చివరి భాగమున దట్టముగా నుండు కొన్ని కణములలో ఈ గ్రాహకమునకు పైత్యామ్లము తగిలినప్పుడు అవి జి.ఎల్.పి. 1 అను హార్మోనును విడుచును. అది ఇన్సులినును ప్రోత్సహించి, ఆకలిని అణచి, కడుపు ఖాళీయగుటను నిదానింపజేయును. ఆ హార్మోనును అనుకరించు సెమాగ్లూటైడు అను సూదిమందునే 2025 ఆగస్టులో అమెరికావారు కొవ్వు కాలేయపు వాపునకు అంగీకరించిరి. పేగులో పుట్టిన జి.ఎల్.పి. 1 నెత్తుటిలో రెండు నిమిషములలో సగమునకు సగము నశించిపోవును. ఈ మందునకు అంతయే నశించుటకు వారము దినములు పట్టును, అందుచేతనే వారమునకు ఒక్క సూది చాలును. అయితే బరువు తగ్గుటకై దీనిని వాడి మానినవారిని ఒక సంవత్సరము తరువాత తూచి చూడగా, తగ్గిన బరువులో మూడింట రెండు పాళ్లు మరల వచ్చి చేరియుండెను.